గొడుగు పాపకు కొత్త ముఖం

పాప ముఖం పోయింది గురువారం మధ్యాహ్నం, రెండింటికీ మూడింటికీ మధ్య. ఆ వేళ వదినమ్మ ఇంట్లో మిషను ముందు కూర్చుని నల్లటి గొడుగు గుడ్డ కుడుతోంది. ఎనిమిది ముక్కల్లో ఆరు కలిశాయి. ఏడో ముక్కను సూది కిందికి జరుపుతున్నప్పుడు, రెండు వీధుల అవతల, కొట్ల వరస పక్కగోడకు ఆనించిన నిచ్చెన ఎక్కి ఒక మనిషి ఆమె కూతురి ముఖం మీద రంగు పూశాడు. సాయంత్రం కుట్టిన గుడ్డలు ఇవ్వడానికి మరిది కొట్టుకు వెళ్ళినప్పుడు గానీ ఆమెకు ఆ సంగతి తెలియలేదు. తలెత్తి చూసింది. కొంతసేపు చూసింది. గుడ్డల కట్ట బల్ల మీద పెట్టి, దారం ఈసారి కాస్త మందంగా ఉందని చెప్పి, ఇంటికి వచ్చేసింది.

మొదటి వారం నుంచి ఈ కథతో ఉన్నవారికి ఆ గోడ తెలుసు. లేనివారికి నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. వరసలో తొమ్మిది కొట్లు, పైన గదులు. పక్కగోడ నిండా ఒక బొమ్మ. గొడుగు పట్టుకున్న ఆరేళ్ళ పిల్ల, ఒక పక్క ఎండ, ఒక పక్క వాన, కింద మనిషెత్తు అక్షరాల్లో ‘ఎండైనా వానైనా మా గొడుగే’ అన్న మాట. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట దాన్ని వేసింది బోర్డులాయన. ఊళ్ళో ఏ కొట్టు నెత్తిన చూసినా ఆయన చేతి రాతే ఉండేది. తమ్ముడి గొడుగుల కొట్టు కోసం వేసిన ఆ బొమ్మకు సొంత కూతుర్నే ఎదురుగా స్టూలు మీద నిలబెట్టాడు. నాలుగు మధ్యాహ్నాలు నిలబడింది. ఆ వారమే పాపకు పైవరసలో ముందు పన్ను ఊడింది. నవ్వితే చీకటి గది తలుపు తీసినట్టు ఉండేది. ఆయన ఆ సందు కూడా వేశాడు.

మరుసటి ఏడు మూడు రోజుల జ్వరంలో పాప పోయింది.

ఆ తర్వాత ఏటా వేసవిలో ఆయన నిచ్చెనెక్కి అక్షరాలకు, గొడుగుకు, గౌనుకు రంగు పూసేవాడు. ముఖం ముట్టుకునేవాడు కాదు. “చెయ్యి నిలవదు” అన్నాడు ఒకసారి. వదినమ్మ మళ్ళీ అడగలేదు. అలా బొమ్మంతా ఏటికేడు కొత్తదవుతూ వచ్చింది, ముఖం ఒక్కటీ వెలిసిపోయి, పాత పింగాణీ సాసరులా సన్నని పగుళ్ళు పట్టింది. ఎనిమిది నెలల కిందట బోర్డులాయన కూడా పోయాడు.

రోడ్డు వెడల్పులో ఆ వరస కూల్చాలని పురపాలక సంఘం నిర్ణయించింది. వందేళ్ళు దాటిన కట్టడమైతే వదిలేస్తారు. వరసకు అరవై. ఆ సమయంలో రంగప్రవేశం చేసింది వారసత్వ సంపద పరిరక్షణ సంఘం. సంఘానికి ఒక అధ్యక్షుడు, ఒక ప్రొఫెసరు, ఒక రబ్బరు ముద్ర ఉన్నాయి. ప్రొఫెసరు భూతద్దంతో గోడ చూసి తేల్చింది ఏమిటంటే, అక్షరాలు కొత్తవి, గౌను ఇంకా కొత్తది, ముఖం మాత్రం అతి పురాతనం, కనీసం నూటపదేళ్ళు. బొమ్మకు నూటపదేళ్ళయితే గోడకు అంతకంటే తక్కువ ఉండదు కదా. మనవడికి నూటపదని తేలాక తాత వయసు ఎవరు అడుగుతారు? తొమ్మిది కొట్లవాళ్ళకూ ఆ బొమ్మ ఎవరిదో తెలుసు. తొమ్మిదిమందీ ఒకే రోజున మరిచిపోయారు. వదినమ్మ కూడా నోరు మెదపలేదు. ఆయన పేరు పోతే పోయింది, తమ్ముడి కొట్టు నిలుస్తుంది కదా అనుకుంది.

ముఖం కూడా పోతుందని ఆమె అనుకోలేదు.

*

ఆదివారం పునరుద్ధరించిన గోడకు ప్రారంభోత్సవం. శనివారం మధ్యాహ్నం ‘వారసత్వ నడక’కు రిహార్సలు పెట్టారు. వదినమ్మ వెళ్ళి వరసలో నిలబడింది. ఒక పసుపు టోపీ ఇచ్చారు. పెట్టుకోలేదు, చేతిలో పట్టుకుంది. వీధి మొత్తానికి ఆమె వదినే. మరిది పిలిచే పిలుపే పక్క కొట్లవాళ్ళకూ, వాళ్ళ పిల్లలకూ అలవాటైపోయింది. అందుకే ఆమెను చూసి నలుగురైదుగురు కొట్లవాళ్ళు లోపల ఏదో పని గుర్తొచ్చినట్టు తలలు వెనక్కి తీసుకున్నారు.

ముందు నడిచేది గైడు పిల్ల. కాలేజీ చదువు నిరుడే అయినట్టుంది. మెడలో మైకు, చేతిలో కాగితాలు. చదవడం బాగానే చదువుతోంది, తను చదువుతున్నది నమ్మాలన్న ప్రయత్నం కూడా చేస్తోంది పాపం. వెనక పాతికమంది. మధ్యలో అధ్యక్షులవారు. సంఘం పెట్టిందే ఆయన, అయినా మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది, తనను తనే ఎక్కడ మరిచిపోతాడో అన్నట్టు.

మొదటి మజిలీ బట్టల కొట్టు మెట్టు.

“ఆనాటి వర్తకులు సాయంత్రాలు ఈ మెట్టు మీద కూర్చుని దేశదేశాల వ్యాపారం మాట్లాడుకునేవారు” అని చదివింది గైడు పిల్ల.

ఆ మెట్టు ఆరేళ్ళ కిందట వేసింది. కింద సిమెంటు ఆరకముందే పక్కింటి కుక్క నడిచిన గుర్తు కూడా ఉంది. ఒక పెద్దాయన వంగి ఆ అడుగు ఫొటో తీసుకున్నాడు.

రెండో మజిలీ గడియారాల కొట్టు గోడకు ఉన్న గుండ్రటి కన్నం.

“ఇది యుద్ధకాలంలో ఫిరంగి గుండు తాకిన గుర్తు అని స్థానికుల నమ్మకం.”

గడియారాల కొట్టాయన లోపలినుంచి వింటున్నాడు. ఆ కన్నంలో రెండేళ్ళ కిందటి దాకా ఫ్యాను ఉండేది. కాలిపోతే తీయించాడు, కొత్తది పెట్టించడానికి బద్ధకించాడు. ఇప్పుడు ఆ బద్ధకానికి చరిత్రలో చోటు దొరికింది. ఆయన స్థానికుడే కాబట్టి నమ్మినట్టు తలాడించాడు.

“గుండు లోపలికి వెళ్ళిందా, బయటికి వచ్చిందా?” అని టోపీ పెట్టుకున్న పెద్దాయన అడిగాడు.

గైడు పిల్ల కాగితాలు తిప్పింది. “అది రాయలేదండీ.”

“పరిశోధన జరుగుతోంది” అన్నాడు ప్రొఫెసరు.

ఈ ఊళ్ళో అబద్ధం చెప్పేవాళ్ళను వదినమ్మ చాలామందిని చూసింది. గొడుగు బాగుకు తెచ్చి, కొన్నప్పటి నుంచీ ఇలాగే ఉందనేవాళ్ళు కూడా కనీసం చూపు పక్కకు తిప్పుకుంటారు. వీళ్ళకు ఆ ఇబ్బంది లేదు. పుట్టు గుడ్డివాడికి చీకటంటే భయం ఉండదు.

మూడో మజిలీ పక్కగోడ.

నిచ్చెన ఇంకా ఆనించే ఉంది. అడుగు మెట్టు మీద రంగులాయన కూర్చుని బ్రష్షు కడుక్కుంటున్నాడు. వయసు యాభై దాటి ఉంటుంది, గోళ్ళ నిండా రంగు. పాతికమందీ తలలెత్తారు. పైన పాప నవ్వుతోంది. బుగ్గలు గులాబీ రంగు. కళ్ళకు పొడుగాటి రెప్పవెంట్రుకలు. నోటి నిండా పళ్ళు, తెల్లగా, ఒకదాని పక్కన ఒకటి, పెళ్ళి పందిట్లో వేసిన కుర్చీల్లాగా.

“ఈ చిన్నారి నూటపదేళ్ళ నాటి ఒక సంపన్న వర్తకుడి ఏకైక కుమార్తె” అంది గైడు పిల్ల. “వానలో పడవ మునిగి చనిపోయిందట. తండ్రి ఆమె జ్ఞాపకంగా దేశాంతరం నుంచి వచ్చిన ఒక అజ్ఞాత చిత్రకారుడితో ఈ బొమ్మ వేయించాడట.”

వెనక ఎవరో అయ్యో అన్నారు.

“ఎవరు చెప్పారమ్మా ఈ కథ?” అంది వదినమ్మ.

గైడు పిల్ల చుట్టూ చూసింది. “స్క్రిప్టులో ఉందండీ.”

“పడవ మునిగిందా?”

“అవునండీ.”

“ఈ ఊళ్ళో నది ఎక్కడుంది?”

నలుగురు నవ్వారు. గైడు పిల్ల కూడా నవ్వబోయి ఆపుకుంది. అధ్యక్షులవారు ముందుకు వచ్చారు.

“నదులు దారి మార్చుకుంటాయమ్మా” అన్నారు. “ప్రశ్నలు చివర్లో.”

“నాది ఒకటే ప్రశ్న. ఆ పిల్లకు ముందు పన్ను ఒకటి ఉండేది కాదు. ఇప్పుడు ఎలా వచ్చింది?”

ఇది తన విషయమని ప్రొఫెసరుకు అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. “మంచి పరిశీలన. మీరు చెప్పేది పెచ్చు ఊడిన చోటు. కాలం చేసిన నష్టం. మూలచిత్రంలో పళ్ళు పూర్తిగా ఉండేవని మా అధ్యయనంలో తేలింది. అందుకని ముందు పుట్టీ పెట్టించి, ఆ పైన పునరుద్ధరించాం.”

“ఆరేళ్ళ పిల్లకు ఒక పన్ను లేకపోతే నష్టమా అండీ?”

“చిత్రకళలో...”

“మీకు మనవలున్నారా?”

ప్రొఫెసరు జేబులోని భూతద్దం తడుముకున్నాడు. ఉన్నారు కాబోలు.

“ఈవిడ మన బోర్డులాయన సతీమణి” అని అధ్యక్షులవారు జనం వైపు తిరిగి చిరునవ్వుతో చెప్పారు. “ఏటా ఈ బొమ్మకు రంగులద్దిన సేవకుడు. ఆవిడకు ఈ గోడ మీద మమకారం సహజం. ఒక్క నిమిషం లోపలికి రండమ్మా, మీకొకటి చూపించాలి. నువ్వు మిగతావాళ్ళతో నడక కొనసాగించు తల్లీ.”

*

మరిది కొట్టు పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. పైకప్పు నిండా మూసిన గొడుగులు వేలాడుతుంటాయి, తల వంచకుండా నడవడం కుదరదు. అధ్యక్షులవారు కూడా వంచారు. మరిది బల్ల వెనక ఒక గొడుగు ఊచలు విప్పుకుని కూర్చున్నాడు. వదిన వెనకాల వచ్చిన మనిషిని చూసి చేతిలో ఊచ కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు.

వదినమ్మ స్టూలు మీద కూర్చుంది.

అధ్యక్షులవారు సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఒక జెరాక్సు కాగితం తీశారు. “ఇది చూడండి. మీవారు స్వహస్తాలతో రాసిచ్చింది. మా దరఖాస్తుకు ప్రాణం ఇదే. దీంతోపాటు ముఖం ఫొటో, మేం పని మొదలుపెట్టక ముందు తీసింది, నిలువెత్తున పెట్టాం. ఆ రెండూ చూసే పురపాలక ఆఫీసులో తలూపారు.”

చేతి రాత చూడగానే ఆమెకు తెలిసింది. ప్రతి అక్షరం విడివిడిగా, బోర్డు మీద రాసినట్టే. మూడు వాక్యాలు.

‘గొడుగు పాప బొమ్మ నా చేతిది కాదు. నేను పని నేర్చుకునే రోజులకే ఇది ఈ గోడ మీద ఉంది. ఏటా అక్షరాలకూ, గొడుగుకూ, గౌనుకూ రంగు పూయడం తప్ప నేను చేసింది ఏమీ లేదు.’

కింద సంతకం. తేదీ పదకొండు నెలల కిందటిది. అప్పటికే ఆయన మంచం దిగడం మానేశాడు. పళ్ళెం బోర్లించి ఒళ్ళో పెట్టుకుని రాసి ఉంటాడు. అప్పట్లో ఒక పదిహేను రోజులు మరిది రోజూ సాయంత్రం వచ్చేవాడని ఆమెకు గుర్తుంది. అన్నదమ్ములు ఏదో మాట్లాడుకునేవారు. ఆమె మంచినీళ్ళు తీసుకుని గదిలోకి వెళితే వానల సంగతిలోకి దిగేవారు.

నా చేతిది కాదు. ఆ మాట రెండోసారి చదివింది.

ఎనిమిది నెలలుగా ఆమెకు ఆయన మీద కోపం రాలేదు. చనిపోయినవాడి మీద ఏం కోపం అనుకునేది. ఇప్పుడు వచ్చింది. రాగానే, ఆయన ఎదురుగా ఉన్నట్టే అనిపించింది.

“నాకెందుకు చెప్పలేదు?” అంది మరిదితో.

మరిది ఊచను అటూ ఇటూ తిప్పాడు. “చెబుదామనే అనుకున్నా వదినా. అన్న వద్దన్నాడు.”

“ఏమన్నాడు?”

“తనకి చెబితే నీ కొట్టు కోసం దేనికైనా ఒప్పేసుకుంటుంది, అదే నా భయం అన్నాడు.”

అధ్యక్షులవారు ఇటువంటి కుటుంబ సంభాషణలకు ఇవ్వవలసినంత సమయం ఇచ్చి, దగ్గారు. “కనుక చూశారు కదమ్మా. మీవారే మీవారిది కాదన్నాక, మీరు పదిమందిలో పన్నూ గిన్నూ అనడం బాగుండదు. ఆయన మాటకు విలువ ఇవ్వాల్సింది ముందు మీరే.”

వదినమ్మ కాగితం కిందికి చూస్తోంది.

బోర్డులాయనకు ఒక పద్ధతి ఉండేది. పెద్ద బోర్డైనా, పాలవాడికి రాసే చీటీ అయినా, చివరి వరస కింద వేలెడు చోటు వదిలి సన్నగా ఒక గీత గీసేవాడు. గీత పడితేనే పని అయినట్టు, అది పడేదాకా వానొచ్చినా నిచ్చెన దిగకూడదని గురువు దగ్గర నేర్చుకున్నాడు. ఆయన నేర్చుకున్నవాటిలో ఆమెను విసిగించినవి చాలా ఉన్నాయి. ఆ గీత ఒకటి. సామాన్ల చీటీ కింద గీత ఏంటని ముప్పై ఏళ్ళు ఎగతాళి చేసింది.

కాగితం మీద సంతకం ఉంది. సంతకం కింద గీత లేదు.

“ఇది పూర్తి కాగితం కాదు” అంది.

“అదేంటమ్మా, సంతకం ఉంటే.”

“కింద ఇంకా రాశాడు. మీరు కత్తిరించారు.”

“జెరాక్సులో పడలేదేమో.” ఆయన కవరు వెతికినట్టు చేశారు. “అసలుది ఆఫీసుకు వెళ్ళిపోయింది.”

“అందులో కూడా పడలేదా?”

మరిది లేచాడు. వెనక గోడకు ఉన్న గొడుగు పిడుల పెట్టె కిందికి లాగి, అడుగున చెయ్యి పెట్టి, నాలుగు మడతల కాగితం ఒకటి తీశాడు. బల్ల మీద పెట్టి, వదిన వైపు జరిపాడు. అధ్యక్షులవారి వైపు చూడలేదు.

“అన్న రెండు రాశాడు” అన్నాడు. “వీళ్ళని నమ్మలేం, ఒకటి నీ దగ్గర ఉంచు అన్నాడు. గురువారం నేను నిచ్చెన దగ్గరికి వెళ్ళాను వదినా. అరిచాను కూడా. కొట్టు ఉండాలా వద్దా అన్నారు. నోరు పడిపోయింది.”

అవే మూడు వాక్యాలు. అదే సంతకం. దాని కింద ఇంకో రెండు వరసలు ఉన్నాయి.

‘షరతు. పాప ముఖం ఎవరూ ముట్టుకోకూడదు. పెచ్చులూడితే ఊడనివ్వండి.’

దాని కింద వేలెడు చోటు వదిలి గీత.

వదినమ్మ ఆ గీత మీద బొటనవేలు ఒకసారి ఆనించి తీసింది. ఆయన తన చేతిని అమ్ముకున్నాడు, తమ్ముడి కోసం. పేరు అమ్ముకున్నాడు. పిల్లను అమ్మలేదు. వీళ్ళు ఆయన అమ్మినవి రెండూ తీసుకుని, అమ్మనిదాన్ని కూడా సంచిలో వేసుకుని పోయారు.

“ఇది చదివే పూశారు కదా” అంది.

“ఆవేశపడకండమ్మా.”

“నేను కూర్చునే ఉన్నానండి.”

“ముట్టుకోకూడదంటే పాడుచేయకూడదని. మేం మెరుగుపరిచాం. ఆ పాత ముఖం చూడటానికి ఎవరొస్తారు చెప్పండి? పగుళ్ళు, మచ్చలు. పిల్లలు జడుసుకుంటారు. కరపత్రం మీద కొత్త ముఖమే వేశాం. సంచుల మీద, టోపీల మీద.” ఆమె చేతిలోని పసుపు టోపీ వైపు చూపించారు. నిజమే, దాని ముందు భాగంలో చిన్న బిళ్ళంత గులాబీ బుగ్గల పిల్ల నోటి నిండా పళ్ళతో ఉంది. ఇంతసేపూ ఆమె వేళ్ళ కిందే ఉంది.

ఆమె టోపీని బల్ల మీద బోర్లా పెట్టింది.

“పాత ముఖం ఉండబట్టే కదా మీకు నూటపదేళ్ళు దొరికాయి” అంది. “సాక్షి వాంగ్మూలం తీసుకుని, ఆ సాయంత్రమే సాక్షిని పాతిపెట్టినట్టుంది మీ వ్యవహారం.”

“మాటలు బాగా వచ్చమ్మా మీకు. ఒక్కటి ఆలోచించండి.” ఆయన గొంతు తగ్గింది, మర్యాద కూడా దాంతోపాటే కాస్త తగ్గింది. “ఈ రెండో కాగితం బయటికి వస్తే ఏమవుతుంది? తనది కాని బొమ్మ ముఖం మీద ఆయనకెందుకంత పట్టింపు అని అడుగుతారు. పాప ఎవరని అడుగుతారు. ఫైలు మళ్ళీ తెరుస్తారు. మీ మరిది కొట్టు మొదట పోతుంది, తర్వాత మిగతా ఎనిమిది. మీవారు సర్కారుకు అబద్ధం రాసిచ్చిన మనిషిగా మిగులుతారు. నాకేముంది, ఇంకో ఊళ్ళో ఇంకో గోడ చూసుకుంటాను.”

అందులో నిజం ఉంది. ఆయన రోజంతా మాట్లాడిన మాటల్లో నిజం ఉన్నది అదొక్కటే. తన అవసరానికి వాడుకోవడానికి అది ఆయనకు దొరకడం ఆమెకు అన్నిటికన్నా రోత పుట్టించింది.

మరిది మెల్లగా అన్నాడు. “నువ్వు బయటికి చెప్పెయ్యి వదినా. కొట్టు పోతే పోయింది. చౌరస్తాలో గోనె పరుచుకుని గొడుగులు బాగుచేసుకుంటా.”

“నువ్వు ఊరుకో” అంది వదినమ్మ. “మీ అన్న పళ్ళెం మీద పెట్టి రాసింది గోనె పరుచుకోవడానికి కాదు.”

కాగితాన్ని నాలుగు మడతలూ వేసి జాకెట్టులో పెట్టుకుంది. లేచి, గొడుగుల కింద తల వంచి బయటికి నడిచింది.

*

నడక బృందం నాలుగో మజిలీకి వెళ్ళిపోయింది. అక్కడ ఒక ఎండిపోయిన కుళాయి గురించి మైకులో వినిపిస్తోంది. గోడ దగ్గర రంగులాయన ఒక్కడే ఉన్నాడు. వదినమ్మ ఎదురుగా వచ్చి నిలబడేసరికి బీడీ ఆర్పేసి లేచాడు.

“మీరు ఎవరో ఇందాకే తెలిసిందమ్మా” అన్నాడు. “గురువారం తెలీదు. తెలిస్తే ఎక్కకపోదును. ఆయన రాతలు చూసి నేర్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, దూరం నుంచి.”

“ఆ ముఖం ఎక్కడిది?”

ఆయన తల గోక్కున్నాడు. “సబ్బు పెట్టె మీది బొమ్మ. ప్రొఫెసరు గారు ఇచ్చి ఇలా వెయ్యమన్నారు. నేను అన్నాను, అయ్యా, కింద ఉన్న పిల్ల వేరే, ఇది వేరే అని. పురాతనం నీకేం తెలుసు అన్నారు.”

“ఏం రంగు వేశారు?”

అడగడంలో తేడా రంగులాయనకు తెలిసింది. రంగుల మనిషితో ముప్పై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి అడిగే ప్రశ్న అది. ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

“నీళ్ళ రంగు. కింద ఉన్నది ఆయిలు పెయింటు. మామూలుగా అయితే గరుకు కాగితంతో రుద్ది, అడుగున అస్తరు పూత వేసి, అప్పుడు పూయాలి. రెండు రోజుల పని. వీళ్ళు ఒక్క పూట ఇచ్చారు. నేను ఏమీ రుద్దలేదు, గీకలేదు, అలాగే పూసేశాను. పట్టు లేదు దానికి. తడి గుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే పొట్టులా వచ్చేస్తుంది.”

“ఎప్పటిదాకా?”

“రేపు వార్నిషు పడేదాకా. పడిందా, ఇక రెండూ ఒకటే చర్మం. దేవుడు దిగొచ్చినా విడదీయలేడు.”

“వార్నిషు ఎప్పుడు?”

“పొద్దున తొమ్మిదింటికి. గోడ మీది తేమ ఆరాక.”

అంతలో అధ్యక్షులవారు కొట్లోంచి బయటికి వచ్చారు. ఆమె ఎవరితో ఏం మాట్లాడుతుందో అన్న బెంగ ముఖంలో ఉంది, పైకి చిరునవ్వు ఉంది. ఆమె ఆయన వైపు తిరిగింది. జాకెట్టులోని కాగితం గుర్తొచ్చినట్టు ఆయన చూపు అక్కడిదాకా వెళ్ళి వచ్చింది.

“నేను ఎక్కడా ఏమీ చెప్పనండి” అంది వదినమ్మ. “మా మరిది కొట్టు నాకూ ముఖ్యమే.”

“పెద్దమనసు తల్లీ. నాకు తెలుసు.”

“ఒక్క సంగతి. వార్నిషు వేసేముందు గోడ తుడవరా? దుమ్ము మీద వేస్తే పట్టదని ఆయన అనేవాడు.”

అధ్యక్షులవారు రంగులాయన వైపు చూశారు. రంగులాయన వదినమ్మ వైపు చూశాడు. ఒక్క క్షణం చూసి, బ్రష్షు డబ్బాలో పెట్టాడు.

“తుడవాలండీ” అన్నాడు. “తప్పదు. అదే పద్ధతి.”

“ఆ తుడవడం నేను తుడుస్తాను” అంది. “ఏటా ఆయన చేసేవాడు. ఈ ఒక్కసారి నా చేత కానివ్వండి.”

అధ్యక్షులవారి ముఖంలో వెలుగు నెమ్మదిగా వచ్చింది, తడిసిన అగ్గిపుల్ల అంటుకున్నట్టు. ఆయనకు రేపటి ఫొటో కనబడుతోంది. నిచ్చెన మీద తెల్లచీర, చేతిలో గుడ్డ, కింద జనం, పక్కన తను.

“అద్భుతం” అన్నారు. “అసలు ఈ ఆలోచన మాకు రాలేదే. దివంగత సేవకుడి సతీమణి చేతుల మీదుగా. తొమ్మిదింటికి వద్దు, జనం ఉండరు. పదకొండింటికి పెద్దలంతా వచ్చాక పెడదాం. మైకులో మీ గురించి రెండు మాటలు నేనే చెబుతాను. వార్నిషు ఆ తర్వాత. ఏమయ్యా, రెండు గంటలు ఆలస్యమైతే ఏం కాదుగా?”

“ఏం కాదండీ” అన్నాడు రంగులాయన.

“నిచ్చెన జాగ్రత్త. రాత్రికి మా సంఘం ఆఫీసు గదిలో పెట్టించి తాళం వేయిస్తాను. తెల్లచీర కట్టుకుని రండమ్మా, గోడకు బాగా నప్పుతుంది.”

ఆయన గబగబా కుళాయి వైపు నడిచారు, ప్రొఫెసరుకు చెప్పాలని. గోతి తవ్వడానికి పార కూడా తనే తెచ్చిచ్చిన మనిషి వీపు అంత హుందాగా ఉంటుందని వదినమ్మ ఎప్పుడూ అనుకోలేదు. చూస్తూ నిలబడింది. ఆఫీసు ఫైల్లో ఉన్నది పాత ముఖం ఫొటో. రేపు గోడ మీద పాత ముఖమే ఉంటే ఫైలుకు వచ్చే లోటు ఏమీ లేదు. కొట్టుకూ రాదు. పోయేది కరపత్రం, సంచులు, టోపీలు. ఆ లెక్క ఆమె కొట్లో కూర్చున్నప్పుడే చూసుకుంది.

రంగులాయన నిచ్చెన గోడ మీంచి దించుతూ ఆగాడు.

“వదినమ్మా, ఒకటి చెప్పాలి” అన్నాడు. ఆయన కూడా ఆ పిలుపులోకి వచ్చేశాడు. “పైరంగు వస్తుంది. అందులో అనుమానం లేదు. కానీ కింది రంగు ఇరవై ఎనిమిదేళ్ళది. పగుళ్ళలోకి నా రంగు దిగి ఉంటుంది. లాగినప్పుడు అది ఒక్కటే వస్తుందో, కిందిదాన్ని కూడా పట్టుకుని వస్తుందో నేను చెప్పలేను. పన్ను చోట పుట్టీ పెట్టాను, అది గుడ్డకు రాదు, గోరుతో తీయాలి. గోరు జారిందా, పెదవి పోతుంది.”

వదినమ్మ తలెత్తి చూసింది. సబ్బు పెట్టె మీది పిల్ల నవ్వుతూనే ఉంది.

“మూలన ఒకచోట చూడొచ్చు కదా, ఇప్పుడే” అంది. “చెవి దగ్గర. కొంచెం.”

“చూద్దామనే ఆగాను. అదిగో.”

సంఘం మనుషులు ఇద్దరు నిచ్చెన కోసం వస్తున్నారు. రంగులాయన దాన్ని వాళ్ళ భుజాల మీదికి ఎత్తించాడు. వాళ్ళు మూలమలుపు తిరిగాక బ్రష్షు డబ్బా చేతికి తగిలించుకున్నాడు.

“మెత్తటి గుడ్డ తెచ్చుకోండి” అన్నాడు చివరికి. “నూలుది. ఎంత పాతదైతే అంత మంచిది.”

ఆమె ఇంటికి వచ్చి బీరువా తెరిచింది. ఆయన చొక్కాలు ఎనిమిది నెలలుగా కదపలేదు. అన్నిటిలోకీ పాతది తీసి, బొత్తాలు విప్పి, కత్తెర చేతిలోకి తీసుకుంది. వీపు ముక్క వెడల్పుగా, మెత్తగా ఉంది. ఇంకా కత్తిరించలేదు. మరిదికి ఏమీ చెప్పలేదు. పాప ముఖం మీది రంగు తుడిచేది రేపు పదకొండింటికి. దాని కింద పాప మిగిలి ఉందో లేదో ఎవరూ చూడలేదు.